నర్సమ్మ గారి ఆయన

హెడ్మాస్టరు గారు మా ఇంటికి వచ్చిన పొద్దున నేను వరండాలో బనీనుతో కూర్చొని టీ తాగుతున్నాను. ఆయన నమస్కారం పెట్టారు, నేనూ పెట్టాను. ఆ వెంటనే ఆయన చూపు నా భుజం మీదుగా ఇంట్లోకి వెళ్లిపోయింది. "మేడం గారుండారా?" అని అడిగారు.

మా గడప తొక్కేవాళ్లంతా అంతే. చంటిబిడ్డను చంకనేసుకొని వచ్చే తల్లి, బీపీ మాత్రలు అయిపోయాయని వచ్చే ముసలాయన, గ్రామ సచివాలయం నుంచి ఏదో కాగితం పట్టుకొని వచ్చే కుర్రాడు, ఒక్కరూ నా ముఖం వంక సరిగ్గా చూడరు. నేను గుమ్మానికి కట్టిన పరదా అయినట్టు నన్ను తప్పించి లోపలికి తొంగి చూస్తారు. నా భార్య కొంగుకు చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తే అందరి ముఖాలూ విప్పారతాయి. నేను టీ గ్లాసు పట్టుకొని పక్కకు జరుగుతాను.

నా భార్య ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త. ఊళ్లో అందరికీ నర్సమ్మ. వాకాడు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల పాళేలు కొన్ని, వాటి వెనక వరి పండించే ఊళ్లు కొన్ని ఆమె కిందికి వస్తాయి. ఆ చుట్టుపక్కల ఈ పదిహేనేళ్లలో పుట్టిన ప్రతి బిడ్డకూ టీకా వేసింది ఆమే. నేను కోవూరు పక్క ఊళ్లో మళ్లు దున్నే ఇంట్లో పుట్టినవాణ్ని. సైన్యంలో పదిహేడేళ్లు చేసి, నిరుడు హవల్దారుగా పదవీ విరమణ పొంది, ఆమెకు ఉద్యోగం ఉన్న ఈ ఊరికి వచ్చి చేరాను. ఊరు ఆమెది. ఇల్లు ఆమె అద్దెకు తీసుకున్నది. పక్కింటివాళ్లు ఆమె చుట్టాల్లాంటివాళ్లు. నన్ను పిలవాల్సి వస్తే వాళ్లు "నర్సమ్మ గారి ఆయన" అంటారు. నాకో పేరుందని, ఆ పేరు ముందు ఒక హోదా ఉండేదని, ఆ హోదాతో పిలిస్తే కుర్రాళ్లు మడమలు కలిపి నిలబడేవాళ్లని ఇక్కడ ఎవరికీ పట్టదు.

నాకు నా భార్య అంటే అసూయ. తిప్పి తిప్పి చెబితే అదేదో పెద్ద బాధలా వినపడుతుంది కాబట్టి సూటిగా చెప్పేస్తున్నాను. అది పచ్చి కుళ్లు. వలలు ఒడ్డుకు చేరిన పొద్దున ఎవరో ఒకరు వచ్చి సంచిలో రెండు మాగ చేపలో, గుప్పెడు నెత్తళ్లో తెచ్చి నా చేతికిచ్చి "నర్సమ్మకి" అని చెప్పి వెళ్తారు. ఆమె డ్యూటీకి పోతుంది కదా, ఆ చేపను తోమేది నేను. చింతపండు పిసికేది నేను. తినేది ముగ్గురం. వచ్చినవాళ్లు మాత్రం మర్నాడు ఆమెను అడుగుతారు, పులుసు ఎట్లా కుదిరిందని.

ఇదంతా పైపై కుళ్లు. అసలుది మా అమ్మాయి దగ్గర ఉంది.

మాకు ఒక్కతే కూతురు. ఆ ఊరి హైస్కూల్లోనే పదో తరగతి చదువుతోంది. నేను సైన్యంలో ఉండగా సెలవు మీద ఇంటికి వస్తే మొదటి రోజుల్లో వాళ్లమ్మ వెనక దాక్కొని, చీర పక్కనుంచి ఒక కన్నుతో చూసేది. ఆ తర్వాత మెల్లగా దగ్గరికి వచ్చేది. భుజమెక్కి కూర్చునేంత చేరిక అయ్యేసరికి నా పెట్టె సర్దుకోవాల్సి వచ్చేది. ఫోనులో మాట్లాడితే బాగున్నావా, బాగున్నాను, ఇదిగో అమ్మకిస్తాను. అంతే మా మాటలు. ఇప్పుడు నేను ఇరవైనాలుగు గంటలూ ఇంట్లోనే ఉన్నాను. అయినా చెప్పు తెగితే అమ్మా, లెక్క కుదరకపోతే అమ్మా, కడుపు నొప్పి వస్తే అమ్మా. నేను ఎదురుగా కూర్చొని ఉన్నా ఆ కేక నా తల మీదుగా వంటింట్లోకి పోతుంది. సైకిలు చైను ఊడితే కూడా వాళ్లమ్మకే చెబుతుంది. లారీ ఇంజను విప్పి బిగించినవాణ్ని నేను.

హెడ్మాస్టరు గారు వచ్చిన పని ఏమిటంటే, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఉద్యోగాల గురించి చెప్పించాలి. పిల్లల్ని అడిగితే డాక్టరు, ఇంజినీరు అంటారు తప్ప ఇంకో పేరు చెప్పరట. సైన్యంలో, పోలీసులో, ఆరోగ్యంలో, రెవెన్యూలో ఏమేం పనులుంటాయో, వాటికి ఏం చదవాలో ఆ పనులు చేసినవాళ్లే వచ్చి చెబితే బాగుంటుందని ఆయన ఆలోచన. ఎస్సై గారిని అడిగితే బందోబస్తు ఉంది, రాలేనన్నారట. సూళ్లూరుపేటలో అగ్నిమాపక శాఖాయన ఒకరు వస్తానని చెప్పి మళ్లీ ఫోను ఎత్తడం లేదట. "మేడం గారొస్తే చాలు మాకు" అన్నారు. నా భార్య టీకాల రోజు కాకుండా చూడమని, వస్తానని చెప్పింది. ఆయన సంతోషంగా లేచి, మెట్లు దిగి, చెప్పులేసుకొని, బండి తాళం తిప్పుతూ అప్పుడు నన్ను చూశారు.

"సార్ గూడా మిలట్రీనే గదా. మీరు గూడా రండి సార్."

ఆ మాట నాకు రోజంతా మింగుడు పడలేదు. పెళ్లికి పిలవడానికి వచ్చి, పక్కన నిలబడినవాణ్ని మర్యాద కోసం రమ్మన్నట్టుంది. పోనని చెప్పేద్దామనుకున్నాను. కానీ హెడ్మాస్టరు గారు వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పారు, దాంతో పోక తప్పలేదు.

ఆ స్కూల్లో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఉపన్యాసాలు అయ్యాక పిల్లల చేత వ్యాసాలు రాయించరు, చేతులెత్తించరు. వ్యాయామం మాస్టారు విజిల్ వేస్తాడు. ఎవరి పని నచ్చితే పిల్లలు లేచి వాళ్ల కుర్చీ వెనక వరసగా నిలబడాలి. ఎవరిదీ నచ్చకపోతే కూర్చోవచ్చు. రాయమంటే పిల్లలు మాస్టర్లకు నచ్చేది రాస్తారని, నడిచి పోయి నిలబడమంటే నిజం బయటపడుతుందని ఆయన నమ్మకం.

అది విన్నప్పటి నుంచి నా బుర్రలో ఒకటే. మా అమ్మాయి ఎవరి కుర్చీ వెనక నిలబడుతుంది? మిగతా స్కూలంతా పోయి నర్సమ్మ వెనక నిలబడినా నాకు ఫరవాలేదు. ఇది ఒక్కతి నా వెనక నిలబడితే, ఊరంతా చూస్తుండగా నిలబడితే, నాకింకేం అక్కర్లేదు. ఇదొక్కటీ గెలవాలని ఎంత పట్టుదల పట్టానంటే, నా పదోన్నతి పరీక్షకు కూడా అంత పట్టలేదు.

తయారీ మొదలుపెట్టాను. పొద్దున్నే లేచి సముద్రం దాకా పరిగెత్తడం నాకు అలవాటు. ఆ వారమంతా పరిగెత్తుతూ ఉపన్యాసం బట్టీ పట్టాను. ఒడ్డున వల చిక్కులు తీసుకునే పెద్దాయన ఒకడు రోజూ నన్ను "ఎవురు తరుముతుండారు సార్?" అని అడుగుతాడు. ఆ వారం నేను పరిగెత్తుతూ మాట్లాడుకోవడం కూడా చూసి అడగడం మానేశాడు. ఇంట్లో కోటు ఇస్త్రీ చేయించాను. పతకాలు మెత్తటి గుడ్డతో తుడిచి కోటుకు పెట్టి అద్దంలో చూసుకున్నాను. పని మీద నెల్లూరు పోయినప్పుడు మా అమ్మాయికి ఇష్టమని మలైకాజా తెచ్చాను. అది పెట్టె విప్పి, మొదటి ముక్క తీసుకొని, తిన్నగా వంటింట్లోకి పోయి వాళ్లమ్మ నోట్లో పెట్టింది. తెచ్చింది నేను. ఎండలో బస్సెక్కి తెచ్చింది నేను.

ముందురోజు సాయంత్రం ఉండబట్టలేక, రేపు విజిల్ వేస్తారట కదా అని మా అమ్మాయితో మాట కలిపాను. వేస్తారంది. జడ విప్పుకుంటూ ఉంది. ఇంకొక్క మాట అడిగితే జవాబు వచ్చేస్తుందని భయపడి, నేను లేచి బయటికి వచ్చేశాను.

సభ మధ్యాహ్న భోజనం వడ్డించే రేకుల షెడ్డులో పెట్టారు. ముందు రెండు కుర్చీలు, ఒక మైకు. కోటు వేసుకున్న మనిషిని ఆ పిల్లలు పెళ్లిలో తప్ప చూసి ఉండరు. పైన రేకులు కాలుతున్నాయి, లోపల చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నా భార్య నూలు చీర కట్టుకొని, టీకా మందుల పెట్టె భుజానికి తగిలించుకొని వచ్చింది. వద్దన్నా చివరికి టీకాల రోజే పడింది, అటునుంచి అటు పాళెం పోవాలట. శాలువా ఒకటే తెప్పించినట్టున్నారు. దాన్ని ఆమెకు కప్పారు. నా చేతిలో ఒక పూలచెండు పెట్టి, "ఒకే కుటుంబం గదా సార్" అన్నారు హెడ్మాస్టరు గారు. నేను నవ్వాను. ఒళ్లు మండిపోతుండగా నవ్వడం సైన్యం నేర్పిన విద్యల్లో ఒకటి.

నేనే ముందు మాట్లాడతానన్నాను. మైకు పట్టుకొని దేశం, సరిహద్దు, త్యాగం అన్నీ చెప్పాను. నా ఉపన్యాసానికి ఆయువుపట్టు మంచు. నిలువెత్తు మంచు, కంటికి కనిపించినంత దూరం మంచు, ఊపిరి తీస్తే ముక్కు దగ్గరే గడ్డకట్టే చలి. ఈ ఉప్పుగాలి పిల్లలు నోరు తెరుచుకొని వింటారనుకున్నాను. నిజంగానే నోరు తెరిచారు. రెండో వరసలో ఒక పిల్లాడు లేచాడు.

"అంత ఐసు ఊరికే పడుంటాదా సార్? మా నాయన ఐసు కోసం పొద్దున్నే లైన్లో నిలబడతాడు."

షెడ్డంతా గొల్లుమంది. ఇంకొకడు, అయితే అక్కడ చేపలు ఎన్ని రోజులైనా చెడిపోవు కదా అన్నాడు. అక్కడ చేపలుండవని చెప్పాను. చేపలు లేనిచోట అంత ఐసు ఎందుకని వాళ్లలో వాళ్లు చర్చ పెట్టుకున్నారు. నేను బట్టీ పట్టిన తరువాతి వాక్యం మరిచిపోయాను.

వెనకనుంచి ఒకడు, ఎంతమందిని కాల్చారని అడిగాడు. నేను కాల్చేవాణ్ని కాదని, సరుకుల లారీలు నడిపేవాణ్నని, కొండల మీద ఉన్నవాళ్లకు తిండి, మందులు, కిరోసిను చేరవేసేవాణ్నని చెప్పాను. అది మామూలు పని కాదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో చక్రం పట్టని దారి. అదంతా చెప్పబోతుంటే ఆ పిల్లాడి ముఖం వాడిపోయింది. వాడి పక్కవాడు మాత్రం హుషారుగా వాళ్ల మామ కూడా లారీయే తోలుతాడని, చెన్నైకి చేపలు వేస్తాడని చెప్పాడు. "ఐసేసుకొనా?" అని ఎవరో అందుకున్నారు. మళ్లీ గొల్లు. నాకు తల కొట్టేసినట్టయింది. పరేడు మైదానంలో అరిచినట్టు సైలెన్స్ అని అరిచాను. షెడ్డు మీది కాకులు లేచిపోయాయి. పిల్లలు బిగుసుకొని కూర్చున్నారు, ఆ తర్వాత ఒక్క ప్రశ్న లేదు. హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు.

చివరికి ఒక అమ్మాయి లేచి, ఆడపిల్లల్ని తీసుకుంటారా సార్ అని మెల్లగా అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు తీసుకుంటున్నారని, సైన్యంలో, నౌకాదళంలో కూడా ఆడపిల్లలు ఉన్నారని, ఎత్తు ఎంత ఉండాలో, పరుగు ఎట్లా ఉంటుందో, పదో తరగతి మార్కులతో ఏం చేయవచ్చో, ఇంటరు తరువాత రాసే పరీక్షలేమిటో అన్నీ చెప్పాను. ఇప్పుడు చేరినవాళ్లను నాలుగేళ్లకే ఇంటికి పంపేస్తారట కదా అని ఆ అమ్మాయే అంటే, చాలామందిని పంపేస్తారు, కొందరిని ఉంచుకుంటారు అని ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పింది ఆ అమ్మాయికి. చూసింది మూడో వరసలో కూర్చున్న మా అమ్మాయిని. అది పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది, తలెత్తలేదు.

తరువాత నా భార్య లేచింది. మైకు తీసుకోలేదు. పిల్లల మధ్యకు పోయి, భుజాన ఉన్న పెట్టె కింద పెట్టి మూత తీసింది. లోపలినుంచి ఐసు ప్యాకెట్లు తీసి ముందు వరసకు అందించింది. పిల్లలు ఒకరి చేతినుంచి ఒకరు తీసుకొని చెంపలకు పెట్టుకున్నారు.

"సార్ చూసిన ఐసు కొండలంత. నాకాడుండేది ఇంతే" అంది. "తుఫానప్పుడు కరెంటు పోతే, ఈ మందులు చెడిపోకుండా ఐసు ఎవరిచ్చినారో మీ ఇళ్లల్లో అడగండి."

మా తాత ఇచ్చాడు, మా పెదనాయన ఇచ్చాడు అని నాలుగు వైపులనుంచీ చేతులు లేచాయి. నేను కుర్చీలో కూర్చొని చూస్తున్నాను. నా మంచు అది. నేను పళ్లు గిట్టకరుచుకుంటూ ఏళ్ల తరబడి చూసిన మంచు. దాన్ని కూడా ఒక చిన్న పెట్టెలో పెట్టి పట్టుకుపోయింది.

ఆమె ఏమీ గొప్పలు చెప్పలేదు. మొదటి సంవత్సరం పాళెంలో ఎవరూ తలుపు తీయలేదని, సూది అనగానే ఒక ముసలమ్మ చేటతో తరిమిందని చెప్పింది. ఆ ముసలమ్మ మనవడు అక్కడే ఉన్నాడు, వాడు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఒకే సమాచారం ఎన్ని యాప్‌లలో ఎక్కించాలో, సిగ్నలు కోసం ఏ మేడ ఎక్కాలో చెప్పింది. అన్నం ముద్ద నోటి దగ్గరుండగా ఫోను వస్తుందని, జీతం కంటే చాకిరీ ఎక్కువని చెప్పింది. రక్తం చూస్తే భయం వేయదా అని అడిగితే ఇప్పటికీ వేస్తుందంది. తన ఉద్యోగమొక్కటే కాదని ల్యాబులో పరీక్షలు చేసేవాళ్ల గురించి, భూములు కొలిచే సర్వేయర్ల గురించి, మత్స్య శాఖలో పనుల గురించి, దేనికి ఏ చదువు కావాలో చెప్పింది. చివర్లో, "మిలట్రీలో గూడా నర్సులుంటారు. ఆ సంగతి సార్‌ని అడగండి, నాకంటే బాగా చెప్తారు" అంది. అందరూ నా వైపు తిరిగారు. ఆమె పెద్దమనసుతో నాకు పంచి ఇచ్చిన ఆ చూపులు నాకు అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుకున్నాయి.

విజిల్ మోగింది.

పిల్లలు ఒక్కసారిగా లేచారు. నా భార్య కుర్చీ వెనక వరస షెడ్డు దాటి ఎండలోకి పోయింది. ఆడపిల్లలు, మగపిల్లలు, సూదంటే ఏడ్చిన వాళ్లంతా అక్కడే. నా వెనక పరుగు పందెంలో గెలిచే మగపిల్లలు కొందరు, ఇందాక ప్రశ్న అడిగిన అమ్మాయి, చేపల లారీ మామ గల పిల్లాడు. నేను లెక్క పెట్టుకోలేదు. నా కళ్లు మూడో వరసలో ఉన్నాయి. మా అమ్మాయి ఇంకా కూర్చునే ఉంది. పక్కనున్న స్నేహితురాళ్లు చెయ్యి పట్టుకొని లాగారు, వాళ్లంతా నర్సమ్మ వరసలోకే. అది రాలేదు. అందరూ నిలబడ్డాక మెల్లగా లేచింది.

నడిచి తిన్నగా వాళ్లమ్మ వైపు వచ్చింది. నా భార్య ముఖం దీపం వెలిగించినట్టయింది. కూతురు వెనక్కి వెళ్లడానికి దారి ఉండాలని, కుర్చీ పక్కన ఉన్న పెట్టెను చేత్తో ఇటు జరుపుకుంది. అమ్మాయి ఆ కుర్చీ ముందునుంచి నడిచి, ఆగకుండా ఇటు వచ్చి, నా కుర్చీ వెనక వరసలో చివర నిలబడింది.

పిల్లలంతా ఓ అని అరిచారు. నాకు ఛాతీ పొంగి కోటు గుండీలు బిగుసుకున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే పలచన అవుతానని చూడలేదు. నేను చూసింది నా భార్యను. చూడాలనే చూశాను. ఆమె నవ్వుతూ చప్పట్లు కొడుతోంది. కాసేపటికి ఆ చప్పట్లు ఆపి, పెట్టెను మళ్లీ పాత చోటికి జరుపుకుంది.

అక్కడినుంచి ఆమెను స్కూటరు మీద పాళెం దాకా దింపింది నేనే. మామూలుగా ఆ పని సణుగుతూ చేస్తాను. ఆరోజు ఈల వేసుకుంటూ చేశాను. సైన్యం గెలిచిందన్నాను. ఆమె పెట్టె ఒళ్లో పట్టుకొని, దాని ఇష్టం కదా అంది. ఇంకేం అనలేదు. ఈ ఏడాదిలో మొదటిసారి ఆమె దగ్గర మాటలు లేకపోవడం నాకు మహా తియ్యగా ఉంది. జాలి పడలేదు. ఎందుకు పడాలి? ఇన్నేళ్లూ పిల్లను పక్కన పెట్టుకొని పడుకున్నది ఆమె. దాని మొదటి పన్ను, మొదటి మాట, మొదటిరోజు బడి, అన్నీ ఆమెవే. నాకు ఒక్క మధ్యాహ్నం వచ్చింది.

ఆమె ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకింది. నేను అప్పటికే అన్నం, మామిడికాయ వేసిన చేపల పులుసు చేసి పెట్టాను. ముగ్గురం కింద కూర్చున్నాం. ఇక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ గెలిచినవాడికి ఇంకోసారి వినాలని ఉంటుంది, ఓడినవాళ్లు పక్కనుండగా వినాలని ఉంటుంది. దేశమో, ధైర్యమో, నాన్న కష్టమో, ఏదో ఒక మంచి మాట వస్తుందని నమ్మకంతో, నా వెనక ఎందుకు నిలబడ్డావో అమ్మకు చెప్పమన్నాను.

మా అమ్మాయి ముద్ద కలుపుతూ ఆగింది. వాళ్లమ్మను చూసి, నన్ను చూసి, నిజం చెప్పనా అని అడిగింది. చెప్పమన్నాను.

"అమ్మ పని నాకు బాగా తెలుసు నాన్నా. తింటా తింటా లేచిపోవడం తెలుసు. యాప్ ఎక్కకపోతే ఏడవడం తెలుసు. నాకు జరమొచ్చినప్పుడు నన్ను పక్కింటి అవ్వ కాడ ఒదిలేసి, ఎవరికో కాన్పని ఆస్పత్రికి పొయ్యింది గూడా తెలుసు. అంతా చూసినా. నాకొద్దు ఆ పని."

"మరి నాది?" అన్నాను. ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

"నీది నేనెప్పుడు చూసినా? నువ్వొస్తే సెలవే గదా. బాదం పప్పులు తెచ్చేవాడివి, పొద్దెక్కిందాకా పడుకునేవాడివి, నన్ను సముద్రం కాడికి తీసకపొయ్యేవాడివి. అమ్మ గూడా ఆ రోజుల్లో నవ్వతా ఉండేది. మిలట్రీ అంటే నాకు కనపడింది అంతే. అందుకే నీ ఎనకమాల నిలబడినా."

ఎగతాళిగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పి, ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను ఆ లోయల గురించి, చక్రం జారిన రోజు గురించి, తిరిగి రాని లారీల గురించి చెబుదామని నోరు తెరిచాను. ఫోనులో ఎన్నడూ చెప్పనివి అవి. ఇంటికి వచ్చినప్పుడు సెలవు పాడవుతుందని చెప్పనివి. అవి చెప్పి దాన్ని భయపెడితే, అది లేచి వాళ్లమ్మ వైపు పోతుందేమో. చెప్పకపోతే లేని ఉద్యోగం కోసం పరుగు మొదలుపెడుతుంది. తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకున్నాను.

నా భార్య అన్నంలో వేళ్లు పెట్టి అట్లాగే ఉంది.

"అట్లయితే నేను గూడా యాడన్నా దూరంగా ఉండి, సెలవులకి వచ్చిండాల్సింది."

ఆ మాట కూతురితో అనలేదు. నా వంక చూస్తూ అంది. కోపం లేదు, కన్నీళ్లు లేవు. నా చేతిలో ఉన్నది తనకు దక్కాల్సిందని, నాకు అడ్డదారిలో దక్కిందని తెలిసినవాళ్లు చూసే చూపు అది. ఏడాదిగా అద్దం లేకుండా నేను మోసుకు తిరుగుతున్న చూపును ఆమె ముఖంలో మొదటిసారి చూశాను. ఆమె నన్ను చూసి ఒక్కసారైనా కుళ్లుకోవాలని ఎంత కోరుకున్నానో నాకు తెలుసు.

పులుసు గిన్నె ఆమె వైపు జరిపాను. ఆమె వేసుకోలేదు.